మచ్చల పళ్ళపై పింగాణీ రేకు: వెనీర్ ఎవరికి తగును, ఎవరికి తగదు?

పావగడ తాలూకాకు దాదాపు నాలుగు దిక్కులా ఆంధ్రప్రదేశ్ నేలే. పక్కనే ఉన్న మడకశిరకు చాలా వైపుల కర్ణాటక. రాష్ట్రాలు రెండైనా, బడి భాషలు రెండైనా, భూమి అడుగున ఉన్న రాయి ఒక్కటే. ఆ రాతి పగుళ్ళలో నుండి బోరు తోడే నీరూ ఒక్కటే. ఆ నీరు త్రాగి పెరిగిన పిల్లల ముందరి పళ్ళపై సున్నపు చారలో, గోధుమరంగు మచ్చలో కనిపించడం అక్కడి పల్లెలలో వింత కాదు. బాగేపల్లి, చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు మీదుగా హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి వరకు పోయినా అనేక గ్రామాలలో ఇదే తీరు. బడిలో తీసిన గ్రూపు ఫోటో చూస్తే చాలు, పై తరగతుల పిల్లలలో కొందరు పెదవులు బిగించి నిలబడి ఉంటారు. నవ్వు వచ్చినపుడు చేయి తనంతట తానే నోటికి అడ్డం పోవడం వారికి చిన్ననాటి అలవాటు.

పట్టణాలలో దంతవైద్యశాలలు పెరిగిన కొద్దీ ఈ మచ్చలకు మందు దొరికిందన్న మాట పల్లెలకు చేరింది. ఆ మందు పేరు వెనీర్. పెళ్ళీడుకు వచ్చిన కుమార్తె ఉన్న ఇంటిలో, ఉద్యోగపు ఇంటర్వ్యూకు పోవలసిన కుమారుడు ఉన్న ఇంటిలో ఈ మాట తరచు వినబడుతున్నది. పెట్టించవచ్చునా, కూడదా అన్న ప్రశ్నకు మంచి దంతవైద్యుడు నోరు తెరిపించి చూడకుండా జవాబు చెప్పడు. చూడకుండానే "తప్పక పెట్టించుకోండి" అన్న చోట కొంచెం ఆగి ఆలోచించడం మంచిది. ఎందుకంటే అది పోయే మచ్చ కోసం పోని పంటిని అరగదీసే పని కావచ్చు.

మచ్చ ఎలా వచ్చింది?

ఫ్లోరైడ్ గ్రానైటు రాతిలోని కొన్ని ఖనిజాలలో సహజంగానే ఉంటుంది. బోరు లోతుకు పోయే కొద్దీ రాతి పొరలలో ఏళ్ళ తరబడి నిలిచిన నీరు పైకి వస్తుంది. ఆ నీటిలో ఫ్లోరైడ్ కరిగి ఉండే అవకాశం ఎక్కువ. కోలారు ప్రాంతంలో వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఇప్పుడు అరుదు కావు. తాతల కాలంలో చేదబావి నీరు త్రాగినవారి పళ్ళు తెల్లగా ఉండి, మనుమల పళ్ళు మచ్చలు పడిన ఇళ్ళలో కారణం చాలావరకు ఇదే. భారతీయ ప్రమాణాల ప్రకారం త్రాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీరు దొరకనపుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. ఫ్లోరైడ్ వలన ఎముకలకు, పళ్ళకు కలిగే ఈ బాధను దేశంలో మొట్టమొదట గుర్తించి ప్రకటించినది తెలుగు ప్రాంతం నుండే. నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా రోగులను పరీక్షించిన వైద్యులు 1937లో ఆ సంగతి వెల్లడించారు.

అయితే ఈ మచ్చ పెద్దవారికి కొత్తగా రాదు. ఈ ఒక్క సంగతి తెలియక అనేకులు పొరబడుతుంటారు. పై దవడ ముందరి శాశ్వత దంతాల పైభాగం బిడ్డ పుట్టిన కొద్ది నెలలకే చిగురు లోపల తయారు కావడం మొదలై, నాలుగైదేళ్ళ వయసుకు పూర్తవుతుంది. పంటిపై ఉండే గట్టి పొరను ఎనామిల్ అంటారు. అది తయారవుతున్న కాలంలో ఒంటిలోకి ఫ్లోరైడ్ అధికంగా చేరితే ఆ పొర నిండుగా గట్టిపడక, లోపల సూక్ష్మమైన రంధ్రాలతో మిగిలిపోతుంది. ఏడేళ్ళ ప్రాంతంలో పన్ను బయటికి వచ్చినపుడు అది సుద్దముక్కలా తెల్లగా కనిపిస్తుంది. తర్వాత తిండిలోని, త్రాగునీటిలోని రంగులు ఆ రంధ్రాలలో దిగి గోధుమరంగు ఏర్పడుతుంది. అంటే పన్నెండేళ్ళ పిల్ల నోటిలో కనిపించే మచ్చ ఆమె రెండేళ్ళ వయసులో త్రాగిన నీటి గుర్తు. బ్రష్ గట్టిగా రుద్దితే పోయే మురికి కాదది. ఉప్పు, బొగ్గు, ఇటుకపొడి పెట్టి రుద్దేవారు అందమైన భాగాన్ని కూడా అరగదీసుకొంటున్నారు.

పచ్చని గార వేరు, ఈ మచ్చ వేరు. పాచి గట్టిపడి ఏర్పడే గార చిగురు అంచున, పంటి పైన పేరుకొంటుంది. దానిని వైద్యుడు ఒక్క పూటలో శుభ్రం చేయగలడు. శుభ్రం చేయిస్తే పళ్ళు కదులుతాయన్న భయం పల్లెలలో ఇంకా ఉంది. నిజానికి చిగురును తినివేసి పంటిని కదిలించేది ఆ గారే. గార తీసిన తర్వాత ఆ కదలిక బయటపడుతుంది, అంతే. కాబట్టి వెనీర్ మాట ఎత్తక ముందే గార తీయించి, మిగిలిన మచ్చ ఎంతో చూసుకోవాలి. కొందరికి ప్రశ్న అక్కడే తీరిపోతుంది.

వెనీర్ అనగా ఏమి?

ఈ మాట వడ్రంగులకు పాతదే. ప్లైవుడ్ చెక్కపై టేకు వెనీర్ షీట్ అతికించి బీరువాకు టేకు అందం తెప్పించడం వారికి నిత్యం చేసే పని. పంటి వెనీర్ కూడా అటువంటిదే. ముందరి పంటి ఎదుటి భాగంపై వ్రేలి గోరంత మందం గల పింగాణీ రేకును అతికిస్తారు. ఆ మందం సాధారణంగా సగం మిల్లీమీటరుకు కొంచెం అటూ ఇటూ. 1930ల ప్రాంతంలో హాలీవుడ్ నటుల కోసం చార్లెస్ పింకస్ అనే కాలిఫోర్నియా దంతవైద్యుడు ఇటువంటి రేకులు చేసి ఇచ్చేవాడు; షూటింగు ముగియగానే వాటిని తీసివేసేవారు, ఎందుకంటే గట్టిగా అతికే ఉపాయం అప్పటికి లేదు. 1955లో మైకేల్ బ్యూనోకోర్ అనే వైద్యుడు ఆమ్లంతో ఎనామిల్‌ను గరుకు చేస్తే రెసిన్ దానిని గట్టిగా పట్టుకొంటుందని చూపించాడు. పింగాణీ రేకులు నోటిలో ఏళ్ళ తరబడి నిలిచి ఉండడం 1980ల నుండి సాధ్యమైంది. రేకు లోపలి ముఖాన్ని గరుకు చేయడానికి ల్యాబులో వాడేది హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. పంటిని పాడుచేసిన ఫ్లోరిన్ జాతికే చెందిన పదార్థం దానిని కప్పే రేకు తయారీలోనూ పనికిరావడం ఒక విచిత్రం.

పని సాగే తీరు ఇది. మొదటి పూట వైద్యుడు పంటి ముందరి ఎనామిల్‌ను పలుచగా అరగదీస్తాడు. అలా చేయకుండా రేకు అతికిస్తే పన్ను ముందుకు పొడుచుకొని వచ్చినట్లు కనిపిస్తుంది. కొద్దిమందికి మాత్రమే అరగదీత అక్కర లేకుండా కుదురుతుంది. తర్వాత అచ్చు తీసి, రంగు నిర్ణయించి ల్యాబుకు పంపుతారు. రేకులు వచ్చేదాకా తాత్కాలికమైన పూత వేసి పంపుతారు. రేకులు వచ్చిన పిదప ఒక్కొక్కటి సరిచూసి, రెసిన్ సిమెంటుతో అతికించి, నీలికాంతి దీపంతో గట్టిపరుస్తారు. మొత్తం రెండు మూడు సార్లు పోవలసి ఉంటుంది.

పింగాణీ కాకుండా కాంపోజిట్ అనే పంటిరంగు రెసిన్ ముద్దతో కూడా వెనీర్ చేస్తారు. అది వైద్యుడు చేతితోనే పంటిపై దిద్ది, ఒక్క పూటలో పూర్తి చేసే పని. అరగదీత తక్కువ, ఖర్చు తక్కువ, విరిగితే మళ్ళీ దిద్దడం సులభం. కాని కొద్ది సంవత్సరాలకే మెరుపు తగ్గి, కాఫీ, వక్కాకు మరకలు పడుతుంది.

పింగాణీ వెనీర్ గురించి అన్నిటికన్న ముందు తెలుసుకోవలసినది, అరగదీసిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. గోరు పెరుగుతుంది, వెంట్రుక పెరుగుతుంది, ఎముక అతుకుతుంది. ఎనామిల్‌ను తయారుచేసే కణాలు పన్ను బయటికి వచ్చేసరికే నశించి ఉంటాయి. కాబట్టి ఒకసారి పింగాణీకి పంటిని సిద్ధం చేసిన తర్వాత, ఆ పంటికి జీవితాంతం ఏదో ఒక కప్పు ఉండవలసిందే. రేకులు మంచి చేతిలో, ఎనామిల్‌పైనే అతికితే, పదేళ్ళ తర్వాత కూడా పదింట తొమ్మిది నిలిచి ఉంటాయని దీర్ఘకాల పరిశీలనలు చెబుతున్నాయి. అది మంచి ఫలితమే. కాని ఇరవై రెండేళ్ళ పిల్లకు పదేళ్ళంటే ముప్పై రెండు మాత్రమే. అరవై ఏళ్ళు వచ్చేలోగా ఆమె వాటిని రెండు మూడు మార్లు మార్పించుకోవలసి రావచ్చు. మార్చిన ప్రతిసారీ కొంచెం పన్ను అరగవచ్చు, ఖర్చు మాత్రం తప్పదు.

మచ్చ ఎంత లోతు?

వెనీర్ కావాలా వద్దా అన్నది చాలావరకు ఇక్కడే తేలుతుంది. ఫ్లోరోసిస్ మచ్చలన్నీ ఒక్క తీరున ఉండవు. పంటి ముఖం నునుపుగా ఉండి, తెల్లని సన్నని చారలు మాత్రమే కనిపిస్తే అది తేలికపాటిది. గోధుమరంగు ఉన్నా ఎనామిల్ గుల్లలు పడకుండా ఉంటే మధ్యరకం. గుంటలు పడి, అంచులు పెచ్చులూడి, పంటి ఆకారమే చెడితే అది తీవ్రమైనది. ఒకే నోటిలో రెండు పళ్ళు తీవ్రంగా, నాలుగు తేలికగా ఉండవచ్చు. అన్నిటికీ ఒకే మందు వేయవలసిన పని లేదు.

తేలిక, మధ్యరకం మచ్చలలో గోధుమరంగు చాలాసార్లు పై పొరలోనే ఉంటుంది. దానికి మైక్రోఅబ్రేషన్ అనే పద్ధతి ఉంది. బలహీనపరచిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం, రాపిడి పొడి కలిసిన లేపనంతో, చిగుళ్ళకు రబ్బరు తెర కట్టి, పై పొరను మిల్లీమీటరులో పదో వంతు, రెండు పదుల వంతు వరకు మాత్రమే తొలగిస్తారు. వెనీర్ కోసం తీసే దానిలో ఇది చిన్న భాగం. పై పొర పోయిన తర్వాత గోధుమరంగు గణనీయంగా తగ్గిన పళ్ళు అనేకం. ఆ పేరు విని ఇంటిలోని బాత్రూము ఆమ్లంతో ప్రయత్నించేవారు చిగుళ్ళను కాల్చుకొంటారు. ఇది వైద్యుని చేతిలో మాత్రమే చేయవలసిన పని.

మిగిలిన రంగుకు బ్లీచింగ్ ఉంది. పళ్ళ అచ్చుకు సరిపోయే పలుచని ట్రే తయారుచేసి, అందులో కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ వేసి, రాత్రిపూట పెట్టుకొనేటట్లు ఇస్తారు. రెండు మూడు వారాలు, మచ్చలు మొండివైతే ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. తొలి రోజులలో తెల్లని చారలు మునుపటికన్న తెల్లగా కనిపించి భయపెట్టవచ్చు. పంటి మిగతా భాగం తెలుపెక్కిన కొద్దీ ఆ తేడా తగ్గుతుంది. చల్లని నీరు తగిలితే జివ్వుమనడం కొన్నాళ్ళు ఉంటుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీనిని వాయిదా వేసుకోవాలి. తెల్ల చారలకు రెసిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ అనే మరొక పద్ధతి ఉంది: సూక్ష్మరంధ్రాలలోకి పారదర్శకమైన రెసిన్‌ను ఇంకనిస్తే, తడిసిన గోడలో సున్నపు మరకలు కనబడనట్లు, చార కలిసిపోతుంది.

ఈ పద్ధతులు వరుసగా ప్రయత్నించి, అవి చాలనపుడు వెనీర్ గురించి ఆలోచించడం న్యాయమైన క్రమం. వీటిలో ఏది చేసినా వెనీర్ దారి మూసుకుపోదు. వెనీర్ ముందుగా చేస్తే మాత్రం ఈ దారులన్నీ మూసుకుపోతాయి. పైగా బ్లీచింగ్ పింగాణీ రంగును మార్చలేదు. ఆరు పళ్ళకు వెనీర్ వేసి, తర్వాత పక్క పళ్ళు తెల్లబరచుకొందామంటే రంగులు కలవవు. తెల్లబరచడం ఎప్పుడైనా ముందు జరగవలసినదే.

గుంటలు పడి, అంచులు విరిగిన తీవ్రమైన పళ్ళ విషయం వేరు. అక్కడ తేలిక పద్ధతులు ఫలించవు. వెనీర్ నిజంగా ఉపకారం చేసేది అటువంటి నోటికే. కాని అక్కడా రెండు చిక్కులున్నాయి. మచ్చ ముదురు రంగుదైతే పలుచని రేకు గుండా ఆ నలుపు తొంగిచూస్తుంది. దానిని దాచడానికి మందమైన రేకు, మందమైన రేకుకు ఎక్కువ అరగదీత అవసరం. ఫ్లోరైడ్ సోకిన ఎనామిల్ ఆమ్లానికి తొందరగా లొంగదు కాబట్టి, మామూలు పంటి కన్న ఎక్కువసేపు గరుకు చేయకపోతే రేకు ఊడిపోతుంది. ఫ్లోరోసిస్ పళ్ళపై పని చేసిన అనుభవం ఉన్న వైద్యునికి ఇవి కొత్త కావు. కాబట్టి "ఇటువంటి పళ్ళకు మీరు ఎన్నిసార్లు చేశారు, ముందూ తర్వాతా ఫోటోలు చూపగలరా" అని అడగడం అమర్యాద కాదు.

తగనివారు

పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలకు పింగాణీ వెనీర్ తగదు. వారి పంటి లోపలి నాడి గది పెద్దదిగా ఉంటుంది, అరగదీత దానికి దగ్గరగా పోతుంది. చిగురు అంచు కూడా ఇంకా స్థిరపడి ఉండదు, నాలుగేళ్ళకు చిగురు పైకి జరిగి రేకు అంచు బయటపడుతుంది. అటువంటి పిల్లకు బడిలో ఎగతాళి భరించరానిదైతే కాంపోజిట్‌తో తాత్కాలికంగా దిద్దించవచ్చు.

నిద్రలో పళ్ళు కొరికేవారికి పింగాణీ పగులుతుంది. కడుపులో నులిపురుగులుంటే పళ్ళు కొరుకుతారని పెద్దలు చెబుతారు గాని, పురుగుల మందు వేసినంత మాత్రాన ఈ అలవాటు పోదు. వైద్యుడు పంటి అంచుల అరుగుదలను చూసి గుర్తుపడతాడు. రాత్రి పెట్టుకొనే గార్డు లేకుండా అటువంటివారికి వెనీర్ వేయడం ఖర్చును నీళ్ళలో పోయడమే. కింది పళ్ళు పై పళ్ళ అంచుకు నేరుగా తగిలే నోరు, పిప్పిపళ్ళు, రక్తం కారే చిగుళ్ళు ఉన్న నోరు కూడా ముందు ఆ బాధలు తీర్చుకోవాలి. పన్ను సగానికి పైగా పాడై రూట్ కెనాల్ జరిగి ఉంటే, దానికి రేకు చాలదు, చుట్టూ కప్పే క్యాప్ కావాలి.

అలవాట్లు కూడా చూసుకోవాలి. చెరకు పంటితో చీల్చడం, పోకవక్క కొరకడం, మాంసపు ఎముక ముందరి పళ్ళతో పగులగొట్టడం, సోడా మూత తీయడం, పూలు కట్టే దారం పంటితో తెంపడం. ఈ చివరిది ఆడవారికి అలవాటుగా జరిగిపోతుంది, ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఒకే పంటి ఒకే చోట వేల సార్లు దారం ఒరిస్తే అసలు ఎనామిలే గాడి పడుతుంది. రేకు అంచు పెచ్చు లేవడంలో ఆశ్చర్యం లేదు.

ఇక శ్రీకాకుళం, గంజాం వైపు తెలుగు ఇళ్ళలో పళ్ళ నలుపుకు కారణం చాలాచోట్ల వేరు. అక్కడ కొందరు వృద్ధ స్త్రీలు చుట్టను నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ త్రాగుతారు. ఒడిశాలో గుడాఖుతో పళ్ళు తోముతారు. ఆ నోళ్ళలో వైద్యుడు ముందు చూడవలసినది పళ్ళను కాదు, అంగిటిని. అడ్డపొగ వలన అంగిట పుండు పడి కాన్సరుగా మారడం ఆ ప్రాంతంలో వైద్యులకు బాగా తెలిసిన సంగతి. తెల్లని మచ్చ, మానని పుండు ఉంటే అందం మాట పక్కనపెట్టి ఆ పరీక్ష చేయించాలి.

ముహూర్తం, ఖర్చు

పెళ్ళిచూపులలో పిల్ల పళ్ళపై మచ్చలు చూసి సంబంధం తప్పిపోయిన ఇళ్ళు ఫ్లోరైడ్ పల్లెలలో ఉన్నాయి. చేసుకొన్నవారికి బిడ్డల పళ్ళు కూడా అలాగే ఉంటాయేమోనన్న అనుమానం దానికి తోడు. అది తప్పు. ఈ మచ్చ వంశపారంపర్యం కాదు. తల్లి పళ్ళు ఎలా ఉన్నా, బిడ్డ మంచి నీరు త్రాగి పెరిగితే బిడ్డ పళ్ళకు మచ్చ రాదు. ఈ మాట పెళ్ళివారికి చెప్పగల పెద్దమనిషి ఊరికొకరు ఉన్నా మేలు.

ముహూర్తం మూడు వారాలలో ఉందని, ఆలోగా ఎనిమిది పళ్ళకు పింగాణీ కావాలని తొందరపెట్టేవారికి దంతవైద్యులు అవసరమైన దశలను దాటవేయవలసి వస్తుంది. వాటిలో ముఖ్యమైనది మాక్-అప్. అరగదీయక ముందే, అచ్చు నమూనాపై మైనంతో దిద్ది, ఆ రూపాన్ని తాత్కాలిక రెసిన్‌తో పిల్ల పళ్ళపైనే పెట్టి అద్దంలో చూపుతారు. నచ్చకపోతే తీసివేస్తారు; పంటికి నష్టం లేదు. పిల్ల తానే నవ్వి, మాటలాడి చూసుకొనేది ఆ పూటే. తల్లిదండ్రులు మరీ తెల్లని రంగు కోరతారు, పిల్ల చెప్పలేక ఊరుకొంటుంది. ఆ నోరు ఆమెది, రాబోయే నలభై ఏళ్ళు దానితో తినవలసినదీ ఆమే. ముహూర్తం మరీ దగ్గరలో ఉంటే శుభ్రం చేయించి, మైక్రోఅబ్రేషన్‌తోనో కాంపోజిట్‌తోనో సరిపెట్టి, పింగాణీ సంగతి పెళ్ళి తర్వాత తీరికగా చూసుకోవచ్చు.

ఖర్చు పంటికింత అని లెక్క. కాంపోజిట్‌కు పంటికి కొన్ని వేల రూపాయలు, పింగాణీకి దానికి రెండు మూడింతలు, పెద్ద నగరాలలో ఇంకా ఎక్కువ. నవ్వితే కనిపించేవి ఆరు నుండి ఎనిమిది పళ్ళు కాబట్టి, ఒక్క పంటి ధర విని ఒప్పుకొన్నవారు మొత్తం విని గుండె పట్టుకొంటారు. అందం కోసం చేసే పంటి పని సాధారణంగా ఆరోగ్య బీమాలో చేరదు. బెంగళూరు, చెన్నై, హైదరాబాదు, కడపలలోని ప్రభుత్వ దంత కళాశాలలలో పని తక్కువ ఖర్చుకు జరుగుతుంది. ఎక్కువసార్లు తిరగవలసి రావచ్చు, కాని పర్యవేక్షించేది ఆ విద్య నేర్పే ఆచార్యులే. పావగడ నుండి బెంగళూరుకు ఆరు సార్ల బస్సు చార్జీ, ఆరు రోజుల కూలి లెక్క వేసుకొన్నా చాలామందికి అదే లాభం.

సంతకం పెట్టే ముందు

తెలుగులో పన్ను, కన్నడంలో హల్లు, తమిళంలో పల్లు: మూడూ ఒకే మూలం నుండి పుట్టిన మాటలే. నొప్పి ఎక్కడో చెప్పుకోవడానికి సరిహద్దు మనుషులకు భాష అడ్డు రాదు. అడ్డు వచ్చేది కాగితం. సమ్మతి పత్రం ఇంగ్లీషులోనో, కన్నడంలోనో, తమిళంలోనో ఉంటుంది. తెలుగు మాత్రమే చదవగల తండ్రి, ఇంటిలో తెలుగు మాటలాడి బడిలో కన్నడం చదివిన పిల్ల, ఇద్దరూ దాని కింద సంతకం పెట్టి వస్తారు. చదివి చెప్పమని అడగడం రోగి హక్కు. ఎన్ని పళ్ళు, ఏ పదార్థం, ఎంత అరగదీత, రేకు ఏడాదిలోపు ఊడితే ఖర్చు ఎవరిది, పళ్ళు జివ్వుమంటే ఎన్నాళ్ళు ఆగాలి అన్నవి ఆ కాగితంలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. లేకపోతే వ్రాయించుకోవాలి.

చట్టం ప్రకారం రాష్ట్ర దంతవైద్య మండలిలో పేరు నమోదైనవారే ఈ వృత్తి చేయాలి. కనీసం బి.డి.ఎస్. చదివి ఉండాలి, వెనీర్ వంటి పనులలో ఎం.డి.ఎస్. ప్రోస్థోడాంటిక్స్ లేదా కన్సర్వేటివ్ శాఖ చదివినవారికి ప్రత్యేక శిక్షణ ఉంటుంది. సంత రోజున గొడుగు కింద పెట్టె తెరిచి పన్ను కట్టేవారు, అందాల దుకాణంలో "వెనీర్" అతికించేవారు ఈ లెక్కలోకి రారు. గట్టి జిగురుతో పళ్ళన్నిటినీ ఒకే పలకగా అతికిస్తే వాటి మధ్య శుభ్రం చేయడం కుదరదు. రెండేళ్ళలో పళ్ళు లోపల పుచ్చి, అందం కోసం పోయినవారు పళ్ళు పీకించుకొని రావలసి వస్తుంది.

ఇంటిలో చిన్న బిడ్డ ఉంటే

వెనీర్ పంటి ముందు భాగాన్ని కప్పుతుంది, అంతవరకే. నీటిలోని ఫ్లోరైడ్ ఎముకలకు పోవడాన్ని అది ఆపదు. అక్క పళ్ళకు అప్పు చేసి పింగాణీ పెట్టించిన ఇంటిలోనే రెండేళ్ళ తమ్మునికి అదే బోరు నీటితో పాలు కలిపి పట్టడం జరుగుతుంటుంది. ఆ బిడ్డ ముందరి పళ్ళు ఆ నెలలలోనే చిగురు లోపల తయారవుతున్నాయి.

నీరు కాచితే ఫ్లోరైడ్ పోదు. ఆవిరైన మేరకు మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది కూడా. గుడ్డతో వడకట్టినా, కొవ్వొత్తి ఫిల్టరులో పోసినా పోదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే నల్గొండ పద్ధతిని నాగపూరులోని నీరీ సంస్థ 1970లలో రూపొందించింది. పాళ్ళు తప్పితే ప్రయోజనం ఉండదు. ఆర్.ఓ. యంత్రం ఫ్లోరైడ్‌ను చాలావరకు తీసివేస్తుంది. నాణెం వేస్తే బిందె నిండే శుద్ధజల కేంద్రాలు అనేక ఊళ్ళలో వచ్చాయి, కాని ఆ నీటిని త్రాగడానికి మాత్రమే ఉంచి అన్నం, పప్పు, సంగటి బోరు నీటితో వండే ఇళ్ళే ఎక్కువ. ఉడికేటప్పుడు గింజ పీల్చుకొన్న నీరు కూడా కడుపులోకే పోతుంది. పసిబిడ్డ ఉన్న ఇంటిలో వంటకు కూడా శుద్ధమైన నీరే వాడాలి. డాబా మీద పట్టి మూతపెట్టిన వాననీటిలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. 2013లో ప్రారంభమైన హొగెనకల్ పథకం ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు కావేరి నీరు తెచ్చినది ఈ బాధ తగ్గించడానికే. కుళాయి నీటిని ఉతుకులకు వాడి, రుచికి అలవాటుపడి బోరు నీరు త్రాగితే ఆ పథకం ఆ ఇంటికి లేనట్లే.

బోరు నీటిలో ఎంత ఉందో రంగు, రుచి చూసి చెప్పలేరు. ప్రభుత్వ త్రాగునీటి విభాగాలకు జిల్లాలలో ప్రయోగశాలలు ఉన్నాయి. బోరును కొన్ని నిమిషాలు వదిలి, అదే నీటితో రెండు మూడు సార్లు తొలిచిన లీటరు ప్లాస్టిక్ సీసాలో నీరు పట్టి, ఊరు, బోరు ఉన్న చోటు, తేదీ వ్రాసిన చీటీ అంటించి ఇవ్వాలి. ఫలితపు కాగితంలో ఫ్లోరైడ్ అన్న వరుసకు ఎదురుగా ఉన్న అంకె 1.5 దాటితే ఆ బోరు నీరు త్రాగడానికీ వంటకూ పనికిరాదు, 1కి, 1.5కి నడుమ ఉంటే చిన్నపిల్లలకు వేరే నీరు చూడడం మంచిది. వేసవిలో ఒకసారి, వానలు వెలసిన తర్వాత ఒకసారి పరీక్ష చేయిస్తే, ఏ నెలలలో ఆ బోరును నమ్మకూడదో ఇంటివారికి తెలుస్తుంది.